కుంగిన దేశాన్ని నిలబెట్టే పనిలో యువత వాటా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

యుద్ధం వల్లనో, అప్పుల వల్లనో, దుష్పరిపాలన వల్లనో కుప్పకూలిన దేశాలు తిరిగి ఎలా లేస్తాయి, ఆ పనిలో యువతీయువకుల వంతు ఎంత అన్న విషయంపై పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే ప్రశ్నను పలువురు అడిగిన చోట వాటిని కలిపి ఒక్కటిగా తీసుకున్నాము.

ప్రశ్న: 'యువతే దేశ భవిష్యత్తు' అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఖజానా ఖాళీ అయి, బడులు మూతపడి, ఉద్యోగాలు లేని దేశంలో ఇరవై ఏళ్ళవాళ్ళ చేతిలో అధికారమూ ఉండదు, డబ్బూ ఉండదు. అలాంటప్పుడు వాళ్ళు నిజంగా చేయగలిగేది ఏమిటి? చేసిన దాఖలాలు ఉన్నాయా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: దాఖలాలు ఉన్నాయి, అవి చిన్నవి కావు. 1961లో క్యూబా ప్రభుత్వం ఒక్క ఏడాదిలో నిరక్షరాస్యతను తుడిచిపెట్టాలని పూనుకున్నప్పుడు పట్టణాలలో చదువుకుంటున్న సుమారు లక్షమంది, చాలావరకు 20 ఏళ్ళ లోపువారే, కొండ ప్రాంతాలకూ మారుమూల పల్లెలకూ వెళ్ళారు. రైతుల ఇళ్ళలోనే ఉంటూ, పగలు వాళ్ళతో కలిసి పొలం పని చేస్తూ, రాత్రి లాంతరు వెలుగులో పెద్దవాళ్ళ చేత అక్షరాలు దిద్దించారు. వారిలో సగానికి పైగా ఆడపిల్లలు. ఆ డిసెంబరు నాటికి 7 లక్షలకు పైగా ప్రజలు చదవడం, రాయడం నేర్చుకున్నారని, నిరక్షరాస్యత సుమారు 23 శాతం నుంచి 4 శాతానికి దిగిందని ఆ దేశపు అధికారిక లెక్కలు చెబుతాయి.

నికరాగువాలో సొమోజాల కుటుంబ నియంతృత్వం 1979 జులైలో కూలింది. అంతర్యుద్ధం మిగిల్చిన శిథిలాలు ఇంకా అలాగే ఉండగా, 1980 మార్చి నుంచి ఆగస్టు వరకు సుమారు 60 వేలమంది యువతీయువకులు పల్లెలకు వెళ్ళి చదువు చెప్పారు. జనాభాలో సగం దాకా ఉన్న నిరక్షరాస్యత 13 శాతం దగ్గరికి వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. యునెస్కో ఆ ఏడాది తన అక్షరాస్యత బహుమతిని ఆ దేశానికి ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో రైలు మార్గాలు, వంతెనలు ధ్వంసమైన యుగోస్లావియాలో 1946లో యువజన దళాలు బొగ్గు గనుల ప్రాంతానికి 90 కిలోమీటర్లకు పైగా కొత్త రైలు మార్గం వేశాయి. మరుసటి ఏడాది 2 లక్షలకు పైగా యువతీయువకులు వంతులవారీగా పనిచేసి షామత్స్ నుంచి సారయేవో వరకు సుమారు 240 కిలోమీటర్ల మార్గాన్ని ఏప్రిల్–నవంబరు నెలల మధ్యనే పూర్తిచేశారు.

వీటిని చూసి ఉత్సాహమే అన్నీ చేసిపెడుతుందని అనుకుంటే పొరపాటు. క్యూబాలో ఆ పిల్లలను ఊరికే పల్లెలకు తోలలేదు. వరదేరో సముద్రతీరంలో వాళ్ళకు ముందుగా శిక్షణ ఇచ్చారు; పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయులకు చేపుస్తకం, లాంతరు చేతికిచ్చి పంపారు. నేర్చుకున్నవాళ్ళు చివరి పరీక్షగా దేశాధినేతకు సొంతంగా ఒక ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరాలు ఇప్పటికీ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అంటే ఏ పని చేయాలో, ఎన్నాళ్ళు చేయాలో, అయిందో లేదో ఎలా తేల్చాలో ముందే నిర్ణయమై ఉంది. 'దేశానికి సేవ చేయండి' అన్న పిలుపుకూ, 'ఈ ఊళ్ళో ఈ పదిమందికి డిసెంబరులోగా చదువు చెప్పండి' అన్న పిలుపుకూ ఎంత తేడా ఉందో చూడండి. మొదటిది విని చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళిపోతారు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఇవన్నీ ఒకే పక్షం చేతిలో అధికారమంతా ఉన్న దేశాలు, లేదా ఒక పక్షం పట్టు బిగుస్తున్న దేశాలు. పాఠాలలో అక్షరాలతోపాటు ఆ పక్షం ప్రచారమూ ఉండేది. పైగా నికరాగువాలో 1980లలో ప్రభుత్వంపై కాంట్రాలనే తిరుగుబాటుదారుల యుద్ధం ముదిరాక, చదువు నేర్చిన పల్లెల్లోనే కొనసాగింపు తరగతులు దెబ్బతిని, సాధించినదాంట్లో కొంత చేజారింది. కాబట్టి ఐదు నెలల ఉద్యమాన్ని ఆదర్శంగా తీసుకునేవారు ఆరో నెలలో ఆ ఊరికి ఎవరు వెళతారన్నది కూడా ముందే ఆలోచించాలి. మీ ప్రశ్నకు నా సూటి జవాబు ఇది: అధికారమూ డబ్బూ లేని యువత చేతిలో సమయమూ, చదువూ, దూరం వెళ్ళగల శక్తీ ఉంటాయి, వాటిని నిర్దిష్టమైన పనికి ముడివేసేవాళ్ళు ఉంటే దేశం ముఖచిత్రం నిజంగానే మారుతుంది.

ప్రశ్న: ఈ మధ్య అనేక దేశాలలో యువకులు వీధుల్లోకి వచ్చి ప్రభుత్వాలను దించేస్తున్నారు. దించడం వరకు బాగానే ఉంది. ఆ తరువాత? కూలగొట్టినంత సులువుగా కట్టగలరా? నాకు అనుమానమే.
– విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే మాస్టారూ. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. పెట్రోలు కోసం రోజుల తరబడి బారులు, గంటల తరబడి కరెంటు కోత, ఆసుపత్రుల్లో మందుల కొరత. కొలంబోలోని గాల్ ఫేస్ మైదానంలో యువత గుడారాలు వేసుకుని నెలల తరబడి నిరసన తెలిపింది. అక్కడే గ్రంథాలయం, వంటశాల, వైద్య శిబిరం కూడా నడిపింది. జులైలో అధ్యక్షుడు గోటబాయ రాజపక్స దేశం విడిచి వెళ్ళి రాజీనామా పంపారు. అయితే ఆయన స్థానంలో కొత్త అధ్యక్షుడిని ఎన్నుకున్నది పాత పార్లమెంటే, ఎన్నికైన రణిల్ విక్రమసింఘే పాత తరం నాయకుడే. ఆయన ప్రమాణ స్వీకారం చేసిన మర్నాడు తెల్లవారకముందే భద్రతా దళాలు నిరసన శిబిరంపై దాడి చేశాయి. ద్రవ్యోల్బణం ఆ సెప్టెంబరులో 70 శాతం దరిదాపులకు చేరింది. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సుమారు 300 కోట్ల డాలర్ల సాయాన్ని ఆమోదించింది. దానికి బదులుగా పన్నులూ కరెంటు ఛార్జీలూ పెరిగాయి. ఎవరికి ఎంత అప్పు, ఎన్నేళ్ళలో తీర్చాలి, ఆ భారం ఏ వర్గంపై ఎంత పడాలి అన్న లెక్కలు మైదానంలో నినాదాలతో తేలవు.

అలాగని ఆ ఉద్యమం వృథా అయిందనీ అనలేను. 2024 సెప్టెంబరులో జరిగిన అధ్యక్ష ఎన్నికలలో అనుర కుమార దిసానాయకే గెలిచారు. నవంబరులో జరిగిన పార్లమెంటు ఎన్నికలలో, అంతకుముందు 3 స్థానాలు మాత్రమే ఉన్న ఆయన కూటమి 225 స్థానాలకు 159 గెలుచుకుంది. పాత కుటుంబాల పాలన వద్దన్న వీధిలోని కోరిక బ్యాలెట్ పెట్టె దాకా రావడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. ఆ రెండేళ్ళూ ఊరూరా తిరిగి సభ్యులను చేర్చి, అభ్యర్థులను వెతికి, జనానికి నచ్చజెప్పినవాళ్ళ పేర్లు పత్రికల్లో పెద్దగా రాలేదు. నా దృష్టిలో పునర్నిర్మాణమంటే అదే.

బంగ్లాదేశ్‌లో 2024 ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి వెళ్ళారు. ప్రభుత్వ ఉద్యోగాల కోటాపై మొదలైన విద్యార్థుల ఆందోళన వందలమంది ప్రాణాలు పోయాక అక్కడికి చేరింది. పోలీసులు విధులకు రాని ఆ రోజుల్లో ఢాకా కూడళ్ళలో నిలబడి వాహనాలను నడిపించింది, గోడలు శుభ్రం చేసింది విద్యార్థులే. అదే నెలలో తూర్పు ప్రాంతాలను వరదలు ముంచెత్తితే ఢాకా విశ్వవిద్యాలయం ఆవరణలో విరాళాలు, సరుకులు పోగుచేసి పంపారు. మహమ్మద్ యూనుస్ నాయకత్వంలోని తాత్కాలిక ప్రభుత్వంలో ఇద్దరు విద్యార్థి నాయకులు సలహాదారులయ్యారు. కూడలిలో నిలబడిన ఆ పిల్లల్ని చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. కానీ దేశానికి చివరికి కావలసింది ఏ పార్టీకీ తలవంచకుండా డ్యూటీ చేసే పోలీసు వ్యవస్థ; దాన్ని తయారుచేయడానికి చట్టాలు మార్చాలి, నియామకాలు మార్చాలి, శిక్షణ మార్చాలి. వారం రోజుల త్యాగం కంటే పదేళ్ళ ఓపిక కష్టం.

ట్యునీషియా ఇంకో కోణం చూపిస్తుంది. 2010 డిసెంబరులో మొదలైన యువత తిరుగుబాటు నెల తిరక్కుండానే అధ్యక్షుడు బెన్ అలీని దేశం దాటించింది. తరువాత 2013లో రాజకీయ పక్షాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోని స్థితి వచ్చినప్పుడు వాటిని ఒకచోట కూర్చోబెట్టినవి నాలుగు సంస్థలు: కార్మిక సంఘం, పరిశ్రమల యజమానుల సంఘం, మానవ హక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం. 2014లో కొత్త రాజ్యాంగం వచ్చింది; ఆ నాలుగు సంస్థలకూ కలిపి 2015 నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కోపాన్ని ఒప్పందంగా మార్చడానికి అప్పటికే సభ్యత్వమూ, నియమావళీ, నమ్మకమూ ఉన్న సంస్థలు కావాలి. అంత చేసినా యువత నిరుద్యోగం తగ్గలేదు. 2021 జులైలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును నిలిపివేస్తే వీధుల్లో హర్షించినవారిలో యువకులు చాలామంది ఉన్నారు. తరువాత అధికారమంతా ఆయన చేతిలో పోగుపడింది.

కట్టగలరా అన్నారు కాబట్టి, కట్టిన చోటును కూడా చెప్పాలి. సోవియట్ యూనియన్ నుంచి 1991లో విడిపోయిన ఎస్తోనియాలో మరుసటి ఏడాది ధరలు సుమారు పదింతలయ్యాయి. 1992 అక్టోబరులో ప్రధాని అయిన మార్ట్ లార్ వయసు 32 ఏళ్ళు. చరిత్ర చదువుకున్న మనిషి. ఆయన మంత్రివర్గంలోనూ చాలామంది ఇంచుమించు ఆ ఈడువాళ్ళే. పాత వ్యవస్థతో లావాదేవీలు లేని తరం కావడం వల్ల వాళ్ళు ఆర్థిక సంస్కరణల వంటి కష్టమైన నిర్ణయాలు త్వరగా తీసుకోగలిగారు. అదే పడుచుతనం దెబ్బ కూడా తీసింది. పింఛన్లపై బతికే వృద్ధులు ఆ సంస్కరణల భారం ఎక్కువగా మోశారు. రద్దయిన రూబుళ్ళను అమ్మిన వ్యవహారం బయటపడి 1994లో లార్ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది. అయితే పార్లమెంటు ఆయనను దించగలిగిందన్నదీ, ఆయన దిగి 1999లో మళ్ళీ ఎన్నికై వచ్చారన్నదీ ముఖ్యం. యువనాయకుల గొప్పతనం కంటే వాళ్ళను అదుపులో పెట్టగల సంస్థలు నిలబడడమే ఆ దేశానికి ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం.

కాబట్టి మాస్టారూ, మీ శిష్యులెవరైనా ఉద్యమంలోకి వెళతామంటే వెళ్ళవద్దని చెప్పకండి. బడ్జెట్ పత్రం చదవడం, ఆడిట్ నివేదికలో ఆక్షేపణ ఎక్కడుందో గుర్తించడం, స్థానిక సభలో తీర్మానం ఎలా ప్రవేశపెట్టాలో తెలుసుకోవడం కూడా ఉద్యమంలో భాగమేనని చెప్పండి. ఆ విద్య నేర్పగలిగినవాళ్ళు మీలాంటివారే.

ప్రశ్న: ఓటు వేయడానికి పనికొచ్చే వయసు పోటీ చేయడానికి ఎందుకు పనికిరాదు?
– తొలిసారి ఓటు వేసిన యువకుడు

జవాబు: పనికిరాదనడానికి బలమైన కారణం నాకు కనిపించదు. ప్రపంచ జనాభాలో సగం దాకా 30 ఏళ్ళ లోపువారే అయినా, చట్టసభల సభ్యులలో వారి వాటా 3 శాతం కూడా లేదని అంతర్ పార్లమెంటరీ సంఘం లెక్కలు చెబుతున్నాయి. నైజీరియాలో యువజన సంఘాలు కొన్నేళ్ళపాటు పట్టుబట్టి 2018లో రాజ్యాంగ సవరణ సాధించాయి. దాంతో అధ్యక్ష పదవికి కనీస వయసు 40 నుంచి 35కు, జాతీయ ప్రతినిధుల సభకు 30 నుంచి 25కు తగ్గింది. కాకపోతే వయసు తగ్గినంత మాత్రాన పార్టీ టికెట్ దొరకదు, ఎన్నికల ఖర్చు తగ్గదు. అసలు అడ్డుగోడ అక్కడుంది.

ప్రశ్న: దేశం కష్టాల్లో ఉన్నప్పుడు చదువుకున్న పిల్లలు విదేశాలకు వెళ్ళిపోవడం ద్రోహం కాదా? మా అబ్బాయి వెళతానంటున్నాడు. వద్దనడానికి మనసు రావడం లేదు, పొమ్మనడానికీ రావడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ద్రోహం అన్న మాట ఇక్కడ వాడకూడదని నా అభిప్రాయం. బతుకుతెరువు చూపించలేని దేశం, వెళ్ళిన బిడ్డను నిందించే హక్కును కొంతవరకు పోగొట్టుకుంటుంది. నేపాల్ వంటి దేశాలలో జాతీయాదాయంలో నాలుగో వంతుకు సమానమైన సొమ్ము బయట పనిచేసే బిడ్డలు పంపేదే. ఆ డబ్బు లేకపోతే ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలగదు, పిల్లలు బడికి వెళ్ళరు.

వెళ్ళినవాళ్ళు దేశాన్ని కట్టిన ఉదాహరణలలో జపాన్‌ది నాకు ఎంతో ఇష్టమైనది. 1863లో దేశం దాటితే మరణశిక్ష. ఆ రోజుల్లో చోషూ సంస్థానానికి చెందిన ఐదుగురు యువకులు దొంగచాటుగా ఓడెక్కి లండన్ చేరారు. వారిలో ఇతో హిరోబూమి తరువాతి కాలంలో జపాన్ మొదటి ప్రధాని అయ్యాడు. ఇనోఉయె మసారు గనులు, రైల్వేల చదువు చదివి వచ్చి, 1872లో మొదటి రైలు నడిచిన దేశంలో రైల్వేలకు పెద్ద దిక్కయ్యాడు. యమావో యోజో గ్లాస్గోలో పగలు ఓడలు కట్టే కర్మాగారంలో పనిచేసి, సాయంత్రం తరగతులకు వెళ్ళి, తిరిగొచ్చాక ఇంజనీరింగ్ కళాశాల స్థాపనకు పూనుకున్నాడు. 1873లో ఆ కళాశాలకు అధిపతిగా వచ్చిన స్కాట్లండ్ దేశస్థుడు హెన్రీ డయ్యర్‌కు అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. పరాయి దేశంలో నేర్చినదాన్ని ఒంటరిగా దాచుకోకుండా, వందలమందికి నేర్పే సంస్థగా మార్చడమే యమావో చేసిన అసలు పని.

అయితే తిరిగి రావడం వ్యక్తి మంచితనం మీదే ఆధారపడితే కొద్దిమందే వస్తారు. దక్షిణ కొరియా 1966లో శాస్త్ర సాంకేతిక పరిశోధన సంస్థను నెలకొల్పినప్పుడు విదేశాల్లో ఉన్న తన శాస్త్రవేత్తలకు స్వదేశపు ప్రొఫెసర్ల కంటే చాలా ఎక్కువ జీతం, ఇల్లు, పరిశోధనలో స్వేచ్ఛ ఇచ్చి పిలిచింది. వచ్చినవారికి పనిచేయడానికి చోటు ఉంది కాబట్టి నిలిచారు. మీ అబ్బాయిని పంపండి. పంపేటప్పుడు ఏం నేర్చుకోబోతున్నాడో, ఆ విద్య ఇక్కడ ఎవరికి అవసరమో ఒకసారి తీరికగా కూర్చుని మాట్లాడండి. తిరిగి వస్తానన్న ప్రమాణం మాత్రం చేయించుకోకండి.

ప్రశ్న: అంతర్యుద్ధాల్లో తుపాకీ పట్టినవాళ్ళూ యువకులే కదా. వాళ్ళను ఏ లెక్కలో వేయాలి?
– న్యాయశాస్త్ర విద్యార్థి

జవాబు: ఈ ప్రశ్నను తప్పించుకునే వ్యాసాలే ఎక్కువగా కనిపిస్తాయి, అందుకే మీరు అడిగినందుకు సంతోషం. సియెర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 వరకు సాగిన యుద్ధం ముగిసేసరికి 72 వేలమందికి పైగా ఆయుధాలు అప్పగించారు. వారిలో వేలమంది బాల సైనికులు. పొరుగున ఉన్న లైబీరియాలో 2003 శాంతి ఒప్పందం తరువాత ఆయుధ విరమణలో లక్షమందికి పైగా నమోదయ్యారు. తుపాకీ తీసుకుని, కొంత డబ్బూ కొన్నాళ్ళ వృత్తి శిక్షణా ఇచ్చి పంపారు. కానీ యుద్ధంలో చితికిపోయిన ఊళ్ళో అంతమంది వడ్రంగులకు, దర్జీలకు పని ఎక్కడుంటుంది?

సియెర్రా లియోన్‌లో దీనికి జవాబు ఆ యువకులే వెతుక్కున్నారు. బస్సులు లేని పట్టణాలలో మోటారు సైకిళ్ళ మీద మనుషులను ఎక్కించుకుని తిప్పడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఒకరిపై ఒకరు కాల్పులు జరుపుకున్న ముఠాల వాళ్ళు ఒకే సంఘంలో సభ్యులై, పోలీసులతో వ్యవహారాలు చూసుకున్నారు, ప్రమాదంలో గాయపడ్డవాడికి చందాలు వేసుకున్నారు. ఆ పనిలో రాబడి తక్కువ, ప్రమాదాలు ఎక్కువ, పోలీసులతో తగాదాలూ లేకపోలేదు. అయినా ఎవరో ఇచ్చిన శిక్షణ పత్రం కంటే ఊరికి అవసరమైన పని వాళ్ళను ఎక్కువ మనుషుల్లో కలిపింది. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2015 డిసెంబరులో ఆమోదించిన 2250వ తీర్మానం యువతను శాంతిలో భాగస్వాములుగా మొదటిసారి విడిగా గుర్తించింది. ఆయుధం వదిలినవారిని తిరిగి సమాజంలో కలపడం అందులో ఒక ప్రధానాంశం. నేరం చేసినవాడిని న్యాయస్థానం విచారించాలి, అందులో సందేహం లేదు. కానీ పదకొండేళ్ళ వయసులో ఎత్తుకుపోయి, మత్తు ఎక్కించి తుపాకీ చేతికిచ్చిన పిల్లవాడు బాధితుల లెక్కలోకే వస్తాడు.

ప్రశ్న: చదువు పూర్తయిన ప్రతి ఒక్కరూ ఒకటి రెండేళ్ళు దేశసేవ తప్పనిసరిగా చేయాలని చట్టం చేస్తే దేశం త్వరగా బాగుపడదా?
– కళాశాల అధ్యాపకురాలు

జవాబు: తప్పనిసరి అనేముందు ఆ సేవ ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో చూడాలి. నైజీరియా అంతర్యుద్ధం 1970లో ముగిసింది. జాతుల మధ్య అపనమ్మకాన్ని తగ్గించడానికి 1973లో పట్టభద్రులంతా ఒక ఏడాది సొంత రాష్ట్రం కాని చోట పనిచేయాలన్న పథకం పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఉపాధ్యాయులు లేని పల్లెబడులకు దానివల్ల ఉపాధ్యాయులు దొరికారు. వేరే భాష, వేరే మతంవాళ్ళ మధ్య ఏడాది బతికిన యువత లక్షల్లో తయారైంది. కానీ 2011 ఎన్నికల తరువాత చెలరేగిన హింసలో, ఎన్నికల విధుల్లో ఉన్న ఈ పథకపు యువకులు కొందరు పరాయి ఊళ్ళో హత్యకు గురయ్యారు. తప్పనిసరి చేసిన ప్రభుత్వానికి రక్షణ కల్పించే బాధ్యత కూడా తప్పనిసరే.

మొజాంబిక్ కథ మనసును కలచివేసేది. 1975లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రజలలో సుమారు 90 శాతం మందికి చదువు లేదు; డాక్టర్లు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, మెకానిక్కులుగా ఉన్న పోర్చుగీసువాళ్ళు చాలావరకు వెళ్ళిపోయారు. 1977 మార్చిలో అధ్యక్షుడు సమోరా మషెల్ పై తరగతుల విద్యార్థులను పిలిచి, చదువు అక్కడితో ఆపి దేశం చెప్పిన పనిలో చేరమన్నారు. వైద్యం చదవాలనుకున్న పిల్ల బడిలో పాఠం చెప్పింది, ఇంజనీరు కావాలనుకున్నవాడు కార్యాలయంలో దస్త్రాలు చూశాడు. ఆ తరాన్ని ఆ దేశం ఇప్పటికీ 'మార్చి 8 తరం' అని పిలుస్తుంది. బడులూ ఆసుపత్రులూ మూతపడకుండా నిలిచాయంటే వాళ్ళ వల్లే. పోయిన చదువు మాత్రం చాలామందికి తిరిగి రాలేదు.

బలవంతం హద్దు దాటితే ఏమవుతుందో చైనా చూపించింది. 1966లో రెడ్ గార్డులనే విప్లవ దళాలుగా రెచ్చగొట్టి గురువులపైకే ఉసిగొల్పిన యువతను, వారి అవసరం తీరాక పల్లెలకు పంపేశారు. సాంస్కృతిక విప్లవం కాలంలో అలా వెళ్ళినవారు సుమారు 1 కోటి 70 లక్షలు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షను 1977 డిసెంబరులో తిరిగి పెట్టినప్పుడు 57 లక్షలమంది రాస్తే 2 లక్షల 70 వేలమందికే సీట్లు దొరికాయి. మిగిలినవారి పదేళ్ళను ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

నాకు నచ్చిన నమూనా అమెరికాది. 1930ల ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగ యువకుల కోసం 1933లో పెట్టిన ప్రకృతి వనరుల పరిరక్షణ దళంలో చేరడం స్వచ్ఛందం. నెలకు 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్ళేవి. 1942లో మూసేసేలోగా సుమారు 30 లక్షలమంది అందులో పనిచేసి 300 కోట్ల దాకా మొక్కలు నాటారు, నేల కోతను ఆపే కట్టలు వేశారు, ఉద్యానవనాలకు బాటలు వేశారు; చదువు రానివాళ్ళు వేలమంది శిబిరాల్లోనే చదువుకున్నారు. లోపాలు లేవని కాదు: ఆడపిల్లలకు అందులో చోటు లేదు, నల్లజాతివారిని వేరే శిబిరాల్లో ఉంచారు. అయినా పనికి కూలి ఇచ్చి, ఆ కూలితో ఒక కుటుంబాన్ని నిలబెట్టి, నేర్చిన పనితో ఆ యువకుడిని బయటికి పంపడంలో ఒక మర్యాద ఉంది. ఖజానాలో డబ్బు లేదని చెప్పి యువత శ్రమను ఉచితంగా కోరే ప్రభుత్వం, అదే ఖజానా నుంచి మిగతావాళ్ళకు ఏమేం చెల్లిస్తోందో ముందుగా బయటపెట్టాలి.

ప్రశ్న: మా పెద్దవాళ్ళు కొట్టుకున్నారు, చంపుకున్నారు. ఆ పగ మేము మోయాలా? మోయకూడదనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఇద్దరు స్నేహితులు కలిసి రాసిన ఉత్తరం

జవాబు: కలిసి ఉత్తరం రాశారు కాబట్టి ఇప్పటికే మొదలుపెట్టారు. తరువాతి అడుగుకు రెండు మూడు సంగతులు చెబుతాను.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు, 1920లో, స్విట్జర్లండ్‌కు చెందిన పియెర్ సెరెసోల్ కొందరు మిత్రులతో ఫ్రాన్స్‌లో, జర్మన్లతో భీకర పోరు జరిగిన వెర్దున్ సమీపంలోని ఎన్ గ్రామానికి వెళ్ళి కూలిన ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. ఆ బృందంలో జర్మన్లు కూడా ఉన్నారు. నిన్నటి శత్రువు తమ ఊళ్ళో ఉండడం కొందరు గ్రామస్థులు భరించలేకపోయారు. కొన్ని నెలలకే పని ఆపవలసి వచ్చింది. సెరెసోల్ మాత్రం ఆగలేదు. ఆ ప్రయత్నం నుంచి ఎదిగిన అంతర్జాతీయ సేవా సంస్థ తరఫున ఆయన 1934 భూకంపం తరువాత బిహార్‌కు కూడా వచ్చి ఇళ్ళు కట్టే పనిలో పాల్గొన్నాడు. సయోధ్యకు తొలి ప్రయత్నంలోనే జనం హర్షిస్తారని మీరూ ఆశించకండి.

ఫ్రాన్స్, జర్మనీల మధ్య 1963లో ఒప్పందం కుదిరాక ఉభయ దేశాల యువజన సంస్థ ఒకటి ఏర్పడింది. ఇప్పటికి 90 లక్షలకు పైగా యువతీయువకులు దాని ద్వారా అవతలి దేశానికి వెళ్ళి, అక్కడి ఇళ్ళలో ఉండి, చదువుకుని, పనిచేసి వచ్చారు. ఆ ఒప్పందానికి 40 ఏళ్ళు నిండిన సందర్భంగా 2003 జనవరిలో బెర్లిన్‌లో జరిగిన యువజన పార్లమెంటులో రెండు దేశాల విద్యార్థులు ఒక కోరిక కోరారు: రెండు దేశాల పిల్లలూ ఒకే చరిత్ర పాఠ్యపుస్తకం చదవాలి. పెద్దలు దాన్ని పక్కన పెట్టలేదు. ఇరుదేశాల చరిత్రకారులు కలిసి రాసిన మొదటి సంపుటం 2006లో తరగతి గదుల్లోకి వచ్చింది. మీ ఊరి గొడవ గురించి రెండు వైపులవాళ్ళ దగ్గరా వినండి, వినింది రాసిపెట్టండి. ఎక్కడ పొంతన కుదరలేదో అది కూడా అలాగే రాయండి.

పెద్దలే మిమ్మల్ని విడదీయాలని చూస్తే ఏం చేయాలన్నారు మీ ఉత్తరం చివర. 1992–95 యుద్ధం తరువాత బోస్నియాలో కొన్ని చోట్ల ఒకే భవనంలో రెండు బడులు నడుస్తున్నాయి; క్రొయేట్ పిల్లలకు ఒకటి, బోస్నియాక్ పిల్లలకు ఇంకొకటి, వేరువేరు పాఠ్యపుస్తకాలు, కొన్ని చోట్ల వేరువేరు గుమ్మాలు కూడా. యాయ్‌త్సె అనే పట్టణంలో ఉన్నత పాఠశాల విద్యార్థులు అప్పటిదాకా కలిసే చదువుకుంటున్నారు. 2016లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం బోస్నియాక్ విద్యార్థులకు విడిగా ఒక పాఠశాల పెట్టాలని తలపెట్టింది. రెండు జాతుల విద్యార్థులూ ఒక్కటై దాన్ని వ్యతిరేకించారు. యాయ్‌త్సెలో ఊరేగింపులు తీశారు, ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం ఉన్న త్రావ్నిక్‌కు వెళ్ళి నిరసన తెలిపారు. 2017 వేసవిలో ప్రభుత్వం ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. మరుసటి ఏడాది ఐరోపా భద్రతా సహకార సంస్థ మైనారిటీల హైకమిషనర్ ఇచ్చే మాక్స్ వాన్ డెర్ స్టూల్ అవార్డు ఆ విద్యార్థులకు వచ్చింది.